బెల్జియం మఠాల దారిలో

యాత్ర అన్నమాట చెవిని పడగానే మనవారికి స్ఫురించేవి కాశీ, రామేశ్వరము, తిరుపతి కొండ. పోయి వచ్చినవారు చెప్పే ముచ్చట్లు కూడ ఆ త్రోవలోని సత్రాలను గూర్చి, స్నానఘట్టాలను గూర్చి, దొరికిన భోజనమును గూర్చి, దొరకని గదిని గూర్చి. మొన్నటి వేసవి సెలవులలో నేను చేసిన యాత్రను గూర్చి చెప్పడానికి మాత్రము నాకు కొంత సంకోచముగా ఉన్నది. ఆ త్రోవలోని మజిలీలన్నియు బీరు కాచే శాలలు. ఆ శాలలున్నవేమో మఠములలో! నేను నలుగురు పిల్లలకు తెలుగు పాఠము చెప్పుకొని బ్రతికేవాడను. మద్యము రుచి యెరుగనివాడను. అటువంటివాడు బ్రూవరీల యాత్రకు మార్గప్రణాళిక వ్రాసి యిచ్చి, తానును వెంట పోయి వచ్చినాడని తెలిసి మా కళాశాలలో నవ్వినవారు నవ్వినారు. నవ్వనివారు మరేమో అనుకొన్నారు. ఒక్కొక్కరికి చెప్పుకొనే కంటె, జరిగినది జరిగినట్లు ఇక్కడ వ్రాయడము మేలనిపించినది.

మా అబ్బాయి బెల్జియం దేశములోని లూవెన్ నగరములో పైచదువు చదువుతున్నాడు. అక్కడి విశ్వవిద్యాలయము 1425లో వెలసినది. మన శ్రీనాథుడు జీవించియున్న కాలమన్నమాట. మా అత్తగారికి ఒంట్లో బాగుండక మా ఆవిడ నెల్లూరులోనే ఉండిపోయినది, నేనొక్కడనే పోయినాను. పోయిన నాలుగవ రోజు సాయంకాలము వాని స్నేహితులిద్దరు వచ్చినారు. ఒకరిది గుంటూరు, ఒకరిది వరంగల్లు. బల్లమీద పటము పరచి ముగ్గురును తర్జనభర్జనలు మొదలుపెట్టినారు. ఓర్వాల్, రోష్‌ఫోర్, షిమే, వెస్ట్‌మాలె, వెస్ట్‌ఫ్లేటెరెన్ అనే పేర్లు మాటిమాటికి వినవచ్చినవి. అవి చూడదగిన ప్రాచీన దేవాలయములు కాబోలుననుకొని నేను సంతోషించినాను. ఆ ఊహ సగము నిజమే. ట్రాపిస్టు సన్న్యాసుల మఠాలవి; అక్కడ కాచే బీరు లోకప్రసిద్ధము. మూడు రోజులు కారులో వాటిని చుట్టి రావలెనని పిల్లల సంకల్పము. దానితోపాటు నాకు ఇంకొక సంగతి కూడ తెలిసినది: మా వాడు త్రాగుతాడని.

నాది నెల్లూరు జిల్లా. 1992లో నేను డిగ్రీ చదివే కుర్రవాడను. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమములో రాత్రిబడులకు పోయి పెద్దవారిచేత అక్షరాలు దిద్దించినవారిలో నేనొకడను. దూబగుంట ఆడవారు తమ ఊరిలో సారా అమ్మకము మాన్పించిన కథ ఆ రోజులలో ఊరూర ప్రాకినది. రాత్రిబడికి వచ్చిన ఆడవారు పలకలు ప్రక్కన పెట్టి ఆ ముచ్చటే చెప్పుకొనేవారు. జిల్లాలో సారా వేలము పాటలు సాగకుండ అడ్డు నిలిచినారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధము వచ్చినది. అంతకు ముందు ఆ సారా పొట్లాలలో పల్లెలకు వచ్చేది. ఆ పంపిణీకి ఒకప్పుడు వారుణి వాహిని అని పేరు. పేరు పెట్టినవారెవరో గాని భాష తెలిసినవారే. ఇంత చక్కని శబ్దమును ఇంత పాడుపనికి వినియోగించిన సందర్భము నాకు మరొకటి తెలియదు.

మా చిన్నాయన కూలి డబ్బులు ఆ పొట్లాల పాలయినవి. పిమ్మట మా చిన్నమ్మ కమ్మలు. అటుపిమ్మట పాత యింటి దూలాలు. నిషేధము రావడానికి ఎనిమిది నెలల ముందు ఆయన పోయినాడు. ఆ రోజు మా చిన్నమ్మ ఏడ్వలేదు. ఇది ఇంట్లో చెప్పుకొనే కథ కాదని మా తండ్రిగారి నియమము. నేనును దానిని పాటించినాను. మా అబ్బాయికి ఎన్నడును చెప్పలేదు.

మరునాటి ఉదయము కాఫీ దగ్గర అడిగినాను, "ఎప్పటినుంచిరా?" అని.

"ఇక్కడికి వచ్చినాక, నాన్నా. నెలకు రెండు మూడు సార్లు. మీరు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

"అడగవలసిన విషయమని నాకు తోచలేదు."

వాడు కొంతసేపు ఊరుకొన్నాడు. "మీరు కూడా రండి నాన్నా. చూసినాక తిట్టండి," అన్నాడు. మరికొంత సేపటికి, "పైగా మా ప్లాను ఎంత వేసినా కుదరడం లేదు. కాలేజీలో పరీక్షల టైంటేబుల్ వేసేది మీరే కదా," అన్నాడు.

ఆ చివరి మాట నన్ను పడగొట్టినది. ఒకే గదిలో రెండు పరీక్షలు పడకుండ, ఒకే మనిషి ఒకే గంటకు రెండు చోట్ల కాపలా ఉండకుండ, ఇరువది యేండ్లుగా గళ్ళు నింపిన చేయి ఇది. కుదరని పట్టిక కంటబడితే ఊరుకోలేదు.

గళ్ళు గీసే ముందు ఆ మఠాల సంగతి తెలియవలె గదా! రెండు రోజులు కూర్చుండి చదివినాను. ఆరవ శతాబ్దములో ఇటలీ దేశమున బెనెడిక్టు అనే యతి తన శిష్యుల కొరకు ఒక నియమావళి వ్రాసినాడు. ప్రార్థన, పఠనము, చేతిపని — ఈ మూడింటితో దినము గడపవలెనని, సన్న్యాసి తన చేతుల కష్టము మీద బ్రతకవలెనని దాని సారము. కాలక్రమమున నియమాలు సడలిపోగా 1664 ప్రాంతమున ఫ్రాన్సులోని నార్మండీలో, లా ట్రాప్ అనే మఠములో, రాన్సే అనే మఠాధిపతి కఠినముగా సంస్కరణ సాగించినాడు. ఆ మఠము పేరుమీదనే వారికి ట్రాపిస్టులని పేరు. ఫ్రెంచి విప్లవము వారిని చెదరగొట్టినది. అట్లు పారిపోయి వచ్చినవారిలో కొందరు బెల్జియం నేలమీద నిలిచినారు. పొలము దున్నినారు, పశువులను పెంచినారు, చీజు చేసినారు, బార్లీ పండే చలిదేశము గనుక బీరు కాచినారు.

బెనెడిక్టు నియమావళిలో నలువదియవ అధ్యాయము చదివి నేను కొంచెము ఆశ్చర్యపడినాను. అది పానము యొక్క పరిమాణమును గూర్చినది. మనిషికి దినమునకు ఒక హెమీనా ద్రాక్షసారా చాలునని ఆయన నిర్ణయము. ఆ కొలత పావు లీటరని కొందరు, అంతకు హెచ్చని కొందరు పండితులు వాదులాడుకొంటారు. బొత్తిగా మానగలవారు మానితే వారికి ఫలమున్నదని కూడ ఆయన చెప్పినాడు. అందరిచేత మాన్పించలేము గనుక నిండుగా త్రాగకుండుటకైన ఒప్పుకొందమని సర్దుకొన్నాడు. నిషేధము కొరకు పల్లెపల్లె తిరిగినవాడను. 'చాలు' అనే మాటకు ఒక పాత్రతో కొలత కట్టిన శాస్త్రము నాకు క్రొత్త.

1997లో ఈ మఠాలు కొన్ని చేరి ఒక సంఘము పెట్టుకొన్నవి. ఎవరెవరో తమ సీసాల మీద సన్న్యాసి బొమ్మ వేసి అమ్ముకొంటూ ఉండడమే దానికి కారణము. సంఘపు ముద్ర పడవలెనంటే మూడు షరతులు. బీరు మఠపు ఆవరణలోనే, సన్న్యాసుల చేతి మీదుగా గాని వారి కనుసన్నలలో గాని తయారు కావలె. మఠజీవనములో ఆ పని రెండవ స్థానములోనే ఉండవలె గాని మొదటి స్థానమునకు రాకూడదు. లాభము కొరకు కాకూడదు; వచ్చిన సొమ్ము సన్న్యాసుల పోషణకు, కట్టడముల మరమ్మతుకు పోగా మిగిలినది దానధర్మములకు పోవలె. ఈ షరతులు కాగితము మీది అలంకారములు కావు. ఆఖెల్ మఠములో నివసించే సన్న్యాసులు లేకుండ పోయినప్పుడు 2021లో అక్కడి బీరుకు ఆ ముద్ర పోయినది. అదే పాత్రలు, అదే బీరు. సన్న్యాసి లేడు గనుక ముద్ర లేదు. అమెరికాలో మొదలయిన మొట్టమొదటి ట్రాపిస్టు బ్రూవరీ పది యేండ్లయినా నిండకుండానే 2022లో మూతపడినది. బెల్జియంలో ఇప్పుడు ముద్రగల మఠాలు ఐదు.

ఇక ప్రణాళిక. దేశము చిన్నది. పాత అనంతపురము, నెల్లూరు జిల్లాలు రెండు కలిపితే ఇంచుమించు అంత ఉంటుంది. పటము మీద చూస్తే ఐదు మఠాలును మూడు రోజులలో సులువుగా తిరిగి రావచ్చుననిపిస్తుంది. అక్కడే పిల్లలు పొరబడినారు. ఈ బ్రూవరీలను చూడడానికి పోయేవాడు మొదట తెలుసుకొనవలసినది, వీటిని చూడనివ్వరని! రోష్‌ఫోర్ బ్రూవరీ సందర్శకులకు తెరవరు. వెస్ట్‌మాలెలోను అంతే. ఓర్వాల్‌లో యేడాదికి ఏవో రెండు రోజులు మాత్రము తలుపు తీస్తారు. చూడదగినది మఠము ముంగిట ఉన్న భోజనశాల, శిథిలాలు, ప్రదర్శనశాల. అవి కూడ వారములో కొన్ని రోజులు మూసి ఉంటవి. తెరిచే రోజులను విచారించకుండ బయలుదేరినవాడు గోడలు చూసి తిరిగి రావలసినదే.

వెస్ట్‌ఫ్లేటెరెన్‌ది మరొక చిక్కు. అక్కడి బీరు అంగళ్ళకు పంపరు. ముందుగా పేరు నమోదు చేసుకొని, వారిచ్చిన రోజున, వారిచ్చిన గంటకు, మఠము దగ్గరకు కారులో పోయి తెచ్చుకోవడము పద్ధతి. ఆ నమోదులో కారు నంబరు కూడ చెప్పవలె. అద్దె కారు నంబరు తాళాలు చేతికి వచ్చేదాక తెలియదు గదా! పిల్లలు మూడు వారాలుగా ఈ ముడి విప్పలేక కూర్చున్నారు. ఆ ఊరిలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబము వారిని అడిగి వారి కారు తీసుకొనవలెనని నేను చెప్పినాను. వారు సంతోషముగా ఇచ్చినారు. ఆ నంబరుతో ప్రయత్నించగా రెండవ పర్యాయమునకు గంట దొరికినది. ముహూర్తము కుదిరితే గాని పెండ్లిపనులు మొదలు కావు. ఆ గంటను మూడవ రోజు గడిలో వ్రాసి, అక్కడినుండి వెనుకకు లెక్క వేసుకొంటూ తక్కిన మజిలీలు నింపినాను. లూవెన్ నుండి దక్షిణముగా రోష్‌ఫోర్, దానికి దిగువ ఫ్రాన్సు సరిహద్దున ఓర్వాల్, పడమరగా షిమే, మరల ఎక్కి దేశపు పడమటి అంచున వెస్ట్‌ఫ్లేటెరెన్. ఇంచుమించు ఏడు వందల కిలోమీటర్లు. వెస్ట్‌మాలె ఉత్తరాన ఒంటరిగా ఉన్నది. దానిని ఈ చుట్టులో ఇరికించక కొట్టివేసినాను. పిల్లలకు కోపము వచ్చినది. కొట్టివేయడము తెలియనివానికి టైంటేబుల్ వేయడము రాదు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, కారు ఎవరు నడుపుతారన్నది. ఆ దేశములో మామూలు చోదకుని రక్తములో లీటరుకు అర గ్రాము ఆల్కహాలు చేరితే నేరము. 1995లో అక్కడ ఒక ప్రచారము మొదలుపెట్టినారు: నలుగురు కలిసి పోయినప్పుడు ఒకడు ఆ రోజు త్రాగకుండ ఉండి తక్కిన ముగ్గురిని ఇల్లు చేర్చవలె, వానికి బాబ్ అని పేరు. ఈ బాబ్ ఆ తరువాత ఐరోపాలో మరికొన్ని దేశాలకు కూడ ప్రాకినాడు. "అర గ్రాము దాకా పరవాలేదు అంకుల్" అని గుంటూరు కుర్రవాడు అన్నాడు. నా పట్టికలో అర గ్రాములు లేవన్నాను. బాబ్ అనే నిలువుగడి ఒకటి గీసి, మొదటి రోజు గుంటూరు, రెండవ రోజు వరంగల్లు, మూడవ రోజు నెల్లూరు అని వ్రాసి ముగ్గురిచేత సంతకాలు పెట్టించినాను. క్రీడాభిరామములో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక్క దినములో ఓరుగల్లు వీథులన్ని తిరిగి చూడవలసినవి, చూడకూడనివి అన్నియు చూసినారు. వారు కాలినడకన పోయినారు గనుక వారికి బాబ్ అవసరము లేకపోయినది.

రోష్‌ఫోర్‌లో మేము ఎక్కువసేపు లేము. మఠము 1230 నాటిది. ఇప్పటి సన్న్యాసుల పరంపర 1887లో వచ్చినది. వారి బీరులకు పేర్లు 6, 8, 10. ఇవి ఆల్కహాలు శాతములనుకొంటారు చాలమంది. కావు, బీరు పులియకముందు ఆ ద్రవము ఎంత చిక్కగా ఉండేదో చెప్పే పాత బెల్జియం కొలతలవి. 10 అనే దానిలో ఆల్కహాలు 11.3 శాతము. బీరులో హెచ్చు భాగము నీరే గనుక వారికి ఊట ప్రాణము. దగ్గరలోని సున్నపురాతి గని ఇంకను లోతుకు త్రవ్వితే తమ ఊట చెడుతుందని సన్న్యాసులు చాలకాలము న్యాయస్థానములలో పోరాడినారు; 2021లో తీర్పు వారి పక్షమున వచ్చినది. మౌనము పాటించేవారు కోర్టు కెక్కవలసి వచ్చినది. నీటి తగాదా ఎవరినైన మాట్లాడిస్తుంది. పెన్న ఒడ్డున పుట్టినవానికి ఇది ఒకరు చెప్పనక్కరలేదు.

ఓర్వాల్‌ను గూర్చి మాత్రము నిదానముగా చెప్పవలె. అడవుల నడుమ లోయలో ఉన్న ఆ చోటికి మేము చేరేసరికి మధ్యాహ్నము దాటినది. 1070 ప్రాంతమున దక్షిణ ఇటలీ నుండి వచ్చిన సన్న్యాసులు అక్కడ మొదట మఠము కట్టినారు. ఒక ఐతిహ్యమున్నది. మతిల్డా అనే ప్రభ్వి అక్కడి ఊటగుంట ఒడ్డున కూర్చుండగా ఆమె పెండ్లి ఉంగరము నీటిలో జారిపడినది. ఆమె ప్రార్థించగా ఒక చేప ఉంగరమును నోట కరచుకొని పైకి వచ్చినది. ఇది బంగారు లోయ అని ఆమె అన్నదట. ఫ్రెంచి భాషలో ఓర్వాల్ అనగా అదే. ఉంగరము కరచుకొన్న చేప బొమ్మే ఇప్పటికిని ఆ బీరు సీసాల మీది గుర్తు. ఈ కథ వింటున్నంతసేపు నా మనస్సు శచీతీర్థములో ఉన్నది. కాళిదాసు చేప ఉంగరమును మ్రింగి, జాలరి చేతికి చిక్కి, కోయబడి, రాజుకు మరచిన భార్యను జ్ఞప్తికి తెచ్చినది. ఇక్కడి చేప ఎవరిని శ్రమ పెట్టకుండ తానే తెచ్చి యిచ్చినది. పిల్లలకు శకుంతల కథ చెప్పినాను. వరంగల్లు అబ్బాయికి తెలుసు. తక్కిన ఇద్దరికి ఉంగరము పోయినంతవరకే తెలుసు. అందులో ఒకడు నా కొడుకు.

ఆ ఊటగుంట నేటికిని ఉన్నది. దాని చుట్టు కూలిన రాతి కమానులు, పైకప్పు లేని గోడలు. 1793లో ఫ్రెంచి విప్లవ సేనలు మఠమును తగులబెట్టినవి. నూట ముప్పది యేండ్లకు పైగా అది పాడుదిబ్బగానే పడియున్నది. 1926లో పునర్నిర్మాణము మొదలుపెట్టినారు. 1948కి గాని ముగియలేదు. డబ్బు కావలె గదా! అందుకని 1931లో మఠములోనే బ్రూవరీ పెట్టినారు. మఠమునకు నమూనా గీసిన ఆంరీ వాస్ అనే వాస్తుశిల్పియే ఆ బీరు త్రాగే పాత్రకు కూడ నమూనా గీసినాడు. నాటినుండి నేటివరకు వారు బయట అమ్మకమునకు కాచేది ఒక్క రకమే, ఆల్కహాలు 6.2 శాతము.

పాత గోడల మీదుగా క్రొత్త గోడలు కనబడుతున్నవి. బీరు అమ్మి లేపిన గోడలవి. మా చిన్నాయన దూలాలు అమ్మి సారా త్రాగినాడు. ఒకచోట పానము ఇల్లు కట్టినది, ఒకచోట ఇల్లు కూల్చినది, పానము ఒకటే. కాదు, ఒకటి కాదు. ఏది ఎక్కడ వేరయినదో అక్కడ రాతిమీద కూర్చుండి చాలసేపు ఆలోచించినాను. పిల్లలు భోజనశాలకు పోయినారు. నేను పోలేదు.

సందేహములు లేవని కాదు. ఈ మఠములలో సన్న్యాసులు తమ భోజనములోనికి పలుచని బీరు వేరుగా కాచుకోవడము ఆచారము. లోకులకు అమ్మేది గాఢమైనది, తాము త్రాగేది పలుచనిది. మా చిన్నమ్మ ఇది వింటే ఒక మాట అనేది. అది అచ్చులో వేయదగినది కాదు.

షిమే పట్టణమునకు దగ్గరగా ఉన్న స్కూర్‌మోన్ మఠము 1850 నాటిది. అక్కడ బ్రూవరీ 1862లో మొదలయినది. ఐదింటిలో ఇదియే సందర్శకులకు కొంత విపులముగా సంగతులు చెప్పే చోటు. ఒక ప్రదర్శనశాల కూడ ఉన్నది. విద్యార్థులకు పనికివచ్చేది గనుక ఆ పద్ధతి రెండు మాటలలో చెప్తాను. రాగులను నానవేసి, మొలక కట్టించి, ఎండబెట్టి విసిరితే రాగి మాల్టు అవుతుందని మనకు తెలుసు. బార్లీకి ఆ పని చేస్తే అదియే బీరునకు మాల్టు. మొలక వచ్చినప్పుడు గింజలోని పిండిని చక్కెరగా మార్చే శక్తి పుడుతుంది. దంచిన మాల్టును వేడినీటిలో నానవేసి, ఆ తియ్యని నీటిని వడగట్టి, హాప్ అనే తీగె పూలు వేసి కాస్తారు. ఆ పూలు చేదునిస్తవి, చెడిపోకుండ కాపాడుతవి. చల్లార్చి ఈస్టు కలిపితే ఆ సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. మన ఇండ్లలో ఇడ్లీ పిండి పొంగడము కూడ సూక్ష్మజీవుల పనియే, కాకపోతే అక్కడ పుట్టేది పులుపు. ఈ మఠాలలో సీసాకు ఎత్తిన తరువాత కూడ లోపల మరల పులియనిస్తారు.

షిమే ఈస్టును 1948లో థియొడోర్ అనే సన్న్యాసి వేరుపరచినాడు. ఆ పనిలో ఆ మఠమునకు తోడ్పడినవాడు లూవెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ద క్లెర్క్. ఆయన సమాధి కూడ ఆ మఠములోనే. తన విశ్వవిద్యాలయపు ఆచార్యుని పేరు వినగానే మా వాడు, "చూసినారా నాన్నా, ఇది కూడా చదువే," అన్నాడు. చదువు కాదని నేనెప్పుడు అన్నాను! అక్కడ వారి చీజు తిన్నాను. బాగున్నది, కొంచెము వాసన.

మూడవ రోజు మా వాడు బాబ్. షిమే నుండి వెస్ట్‌ఫ్లేటెరెన్‌కు దూరము ఎక్కువ. త్రోవలో ఈప్ర్ పట్టణము తగులుతుంది. మొదటి ప్రపంచయుద్ధములో అక్కడ పోరి, సమాధికైన నోచుకోనివారి పేర్లు మెనిన్ గేటు గోడల మీద ఏబది నాలుగు వేలకు పైగా చెక్కినారు. వాటిలో మన దేశపు సిపాయిల పేర్లు కూడ ఉన్నవి. ప్రణాళికలో దానికి గడి లేదు. ఇరువది నిమిషాలు ఆగినాము. తరువాత హాప్ తోటలు. ఎత్తయిన గుంజలకు తీగెలు, మన తమలపాకు తోటలకు అన్నగార్లవలె.

వెస్ట్‌ఫ్లేటెరెన్ మఠము 1831 నాటిది. 2005లో అంతర్జాతీయముగా బీరు ప్రియులు వేసుకొన్న ఒక జాబితాలో ఇక్కడి బీరు ప్రపంచములోకెల్ల మేటి అని వచ్చినది. ఆ మీదట కార్లు ఆ పల్లెదారిలో బారులు తీరినవి. మరెవరైన అయితే ఏమి చేసేవారు? రెండవ శాల కట్టేవారు, మూడవది కట్టేవారు. వీరు ముందు ఫోనులో వంతు చెప్పుకొనే పద్ధతి పెట్టి, 2019 నుండి అంతర్జాలములో వంతు పెట్టినారు గాని గిరాకీకి తగినట్లు కాచడము పెంచలేదు. ఒక్కసారి మాత్రము, కట్టడముల మరమ్మతుకు సొమ్ము చాలక, 2011లో బెల్జియం అంగళ్ళలోను, మరుసటి యేడు విదేశాలలోను కొంత అమ్మినారు. పని జరిగినది. మరల తలుపు మూసినారు.

నెల్లూరు వేలము పాటలు నాకు జ్ఞప్తికి వచ్చినవి. పాటలో ఎక్కువ పాడినవాడు ఎక్కువ అమ్మవలె. ఎక్కువ అమ్మవలెనంటే ఎవరో ఒకరు ఎక్కువ త్రాగవలె. ఆ ఎవరో మా చిన్నాయన. ఓర్వాల్‌లో రాతిమీద కూర్చుండి వెదికిన జాడ నాకు ఇక్కడ కొంత దొరికినది. త్రాగేవానికి 'చాలు' తెలియకపోవడము ఒక ఎత్తు, అమ్మేవానికి తెలియకపోవడము ఒక ఎత్తు. మనము త్రాగేవాని మీదనే పాఠాలు చెప్పినాము. అంతమాత్రమున ఈ పానము మంచిదని ఒప్పుకొన్నానని కాదు. ఒప్పుకోలేదు, మా వానితో కూడ అదే చెప్పినాను.

మఠానికి ఎదురుగా ఉన్న భోజనశాలలో తక్కిన ఇద్దరు తమ పాత్రలు ముందు పెట్టుకొన్నారు. మూడు రోజులలో అన్నిటికంటె గొప్పదనుకొన్న బీరు అది. మా వాడు కాఫీ తెప్పించుకొన్నాడు.

"ఒక్క గుక్కయినా చూడవా?" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే వింతగా ఉండినది.

"సంతకం పెట్టించుకొన్నది మీరే," అన్నాడు.

ఇచ్చిన గంటకు కారు కిటికీ దగ్గరకు పోయినది. అక్కడి మనిషి నంబరు సరిచూసుకొని, ఇరువది నాలుగు సీసాల కొయ్యపెట్టె ఒకటి యిచ్చినాడు. ఖాళీ పెట్టె, ఖాళీ సీసాలు తిరిగి ఇచ్చేదాక వాటికి డిపాజిట్టు కట్టవలె.

తిరుగుదారిలో వెనుక సీటులో ఇద్దరును నిద్రపోయినారు. చీకటి పడుతున్నది. మా తండ్రిగారి నియమమును నేను ఆ దారిలో తప్పినాను. పొట్లాలు, కమ్మలు, దూలాలు, అన్నియు చెప్పినాను. వాడు మాట్లాడకుండ విన్నాడు. బ్రస్సెల్స్ దాటిన తరువాత, "మన ఊళ్ళో ఉన్న చిన్న నాయనమ్మేనా? సెలవులకు పోతే నాకు డబ్బులిచ్చేది, ఆమేనా?" అని అడిగినాడు.

"ఆమే," అన్నాను.

ఆ పెట్టెను వాని గదిలో బల్ల క్రింద పెట్టినారు. ముగ్గురిదీను అది, ఎవరు తీసినా తక్కినవారికి చెప్పవలెనని వారిలో వారు ఒప్పందము చేసుకొన్నారు. పన్నెండు రోజుల తరువాత నేను విమానమెక్కే నాటికి అందులో నిండు సీసాలు పందొమ్మిది ఉన్నవి. లెక్కపెట్టినారా అంటే, పెట్టినాను.